పాత 200 లీటర్ల డ్రమ్ముతో స్మోకర్ చేస్తున్నాను, లోపలి పూత ఎలా పోగొట్టాలి?

వేగావతి ఒడ్డు (బొబ్బిలి), నవంబరు 14

అందరికీ నమస్కారం. ముక్కనుమ నాటికి ఇంటి దగ్గర ఒక స్మోకర్ (పొగ మీద మాంసం నిదానంగా కాల్చే పొయ్యి) తయారు చేసుకోవాలని ఉంది, సలహా కావాలి.

ముక్కనుమకి మా ఇంట్లో పాతిక ముప్పై మంది చేరతారు. ఏటా వేపుడు, పులుసు మామూలే. ఈసారి పొగ మీద నిదానంగా కాలిన మాంసం పెట్టాలని నా కోరిక. మా అమ్మమ్మ కట్టెల పొయ్యి పైన తాడు కట్టి, ఉప్పూ పసుపూ పట్టించిన మేకమాంసం ముక్కలు దానికి గుచ్చి వేలాడదీసేది. వారం పది రోజులు పొగకి ఆరాక ఆ ముక్క రోట్లో నలగ్గొట్టి వేయిస్తే వీధి చివరికి వాసన వచ్చేది. ఇప్పుడు ఇంట్లో కట్టెల పొయ్యీ లేదు, అమ్మమ్మా లేదు. ఆ పొగ రుచి మా పిల్లలకి తెలియాలి అనిపిస్తోంది.

విజయనగరంలో ఒక పాత ఇనుము కొట్టులో 1,100 పెట్టి డ్రమ్ము తెచ్చాను. పైన కొత్తగా నీలం రంగు వేసి ఉంది. మూత ఊడేది కాదు, పైన రెండు బిరడాలు ఉన్నాయి, ఒకటి పెద్దది ఒకటి చిన్నది. టార్చి వేసి చూస్తే లోపల ఇటుక రంగు పూత నున్నగా కనిపిస్తోంది. వాసన ఎక్కువ లేదు, కొంచెం తియ్యగా థిన్నర్ లాగా ఉంది. కొట్టతను మాత్రం "నూనె డ్రమ్మే బాబూ" అన్నాడు. ఎల్లుండి సెలవు, గ్రైండర్‌తో పైభాగం కోసేద్దామని ఉన్నాను. ఆ ఇటుక రంగు పూత గీకాలా, కాల్చాలా? మీలో ఎవరైనా చేసి ఉంటే చెప్పండి.

షెడ్డు మాస్టారు (విజయనగరం), నవంబరు 14

తమ్ముడూ, గ్రైండర్ పక్కన పెట్టి ముందు ఇది చదువు.

నేను ఇరవై ఏళ్ల పైగా వెల్డింగ్ షెడ్డు నడుపుతున్నాను. నాకు కరెంటు కన్నా, సిలిండర్ కన్నా ఎక్కువ భయం ఖాళీ డ్రమ్ముకి. నిండు డ్రమ్ములో ఆవిరికీ గాలికీ చోటుండదు. ఖాళీ దాంట్లో అడుగున గ్లాసెడు మిగిలినా అది ఆవిరై లోపలి గాలితో కలిసి కూర్చుంటుంది, గ్రైండర్ నిప్పురవ్వ ఒక్కటి తగిలితే పైరేకు ఎగిరి ముఖానికి వస్తుంది. డీజిలూ, ఇంజన్ ఆయిలూ అంత తేలిగ్గా అంటుకోవు కదా అని కొందరు అంటారు. కోసేటప్పుడు రేకు వేడెక్కి అంచు మడతలో దాగిన నూనె పొగలా లేస్తుంది, అంటుకునేది ఆ పొగే. నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు వేరే చోట ఇలాగే బిరడాలు బిగించి ఉన్న డ్రమ్ము మీద చక్రం పెట్టాడు. ప్రాణం దక్కింది గానీ నెల రోజులు ఒక చెవి వినపడలేదు.

మూత ఊడని డ్రమ్ము తప్పక కోయాల్సి వస్తే ముందు రెండు బిరడాలూ తీసి, వేడి నీళ్లూ సబ్బూ పోసి దొర్లించి రెండు మూడు సార్లు కడగాలి. తర్వాత పైదాకా నీళ్లు నింపి ఉలీ సుత్తీతో కొట్టుకుంటూ రావాలి. నీళ్లున్న చోట కరెంటు గ్రైండర్ ఇంకో ప్రమాదం కాబట్టి ఉలే మేలు. నీళ్లు నింపితే 200 కిలోలు దాటుతుంది, నీళ్లు పోయే చోట పెట్టాకే నింపు.

ఇదంతా తర్వాత సంగతి. అసలు ఆ తియ్యటి వాసన నాకు నచ్చలేదు.

గరివిడి కుర్రాడు, నవంబరు 14

అన్నా మరీ భయపెడుతున్నారు. నేను రెండేళ్ల కిందట ఇంజన్ ఆయిల్ డ్రమ్ముతో చేశాను, బిరడాలు తీసేసి లోపల కట్టెలేసి కాల్చేశాను, అంతే. ఇప్పటికీ వాడుతున్నాం, ఎవరికీ ఏం కాలేదు. మంటలో ఏ కెమికలైనా కాలిపోతుంది కదా.

స్టోర్స్ బాబాయ్ (పైడిభీమవరం), నవంబరు 15

గరివిడి తమ్ముడూ, నీది కొత్త ఆయిల్ వచ్చిన డ్రమ్ము, అందులో ఏముందో నీకు తెలుసు. ఈయన డ్రమ్ములో ఏముందో ఈయనకి తెలియదు. తేడా అంతా అక్కడే.

"మంటలో అన్నీ కాలిపోతాయి" అన్న మాట నమ్మొద్దు. సీసం, క్రోమియం, ఆర్సెనిక్ లాంటివి మంటకి మాయం కావు, రేకు మీదో బూడిదలోనో ఉండిపోతాయి. కొన్ని కాలి ఇంకా చెడ్డ పొగ అవుతాయి. పైగా డ్రమ్ము అడుగున అంచు మడతలోకి మంట వేడి సరిగా పోదు, అక్కడ దాగింది అక్కడే ఉంటుంది, తర్వాత ప్రతిసారీ వేడికి కొంచెం కొంచెం బయటికి వస్తుంది.

నేను ఇక్కడ ఒక ఫ్యాక్టరీ స్టోర్స్‌లో చాలా ఏళ్లు పనిచేశాను, రోజూ చూసేది డ్రమ్ములే. బొబ్బిలి తమ్ముడూ, నీ డ్రమ్ము బోర్లించి అడుగు చూడు, లేదా పక్కన పైకి చూడు. రేకు మీద అచ్చు పోసినట్టు ఒక గుర్తు ఉండొచ్చు. చిన్న వృత్తంలో రెండు అక్షరాలు యు, ఎన్ ఒకదాని కింద ఒకటి, పక్కన 1ఏ1 అనో 1ఏ2 అనో ఉంటుంది. 1ఏ1 అంటే మూత ఊడని స్టీలు డ్రమ్ము, 1ఏ2 అంటే మూత ఊడేది. ఆ తర్వాత వచ్చే అక్షరం ఎక్స్, వై, జడ్‌లలో ఒకటి, ఎక్స్ అయితే అతి ప్రమాదకరమైన సరుకుకి కూడా పనికొచ్చే డ్రమ్ము అని. ఆ వరుసలోనే తయారైన సంవత్సరం రెండంకెల్లో ఉంటుంది. ఈ గుర్తు ఉన్నంత మాత్రాన లోపల విషమే పోశారని చెప్పలేం, కానీ ప్రమాదకర సరుకు రవాణాకి తయారైన డ్రమ్ము అని మాత్రం ఖాయం.

ఇంకోటి. పాత డ్రమ్ముకి కొత్త రంగు ఉందంటే పాత లేబుల్ కనపడకుండా పోయిందని అర్థం. ఆ నీలం రంగు బ్లేడుతో కొంచెం గీకి చూడు.

వేగావతి ఒడ్డు, నవంబరు 15

బాబాయ్, మీరు చెప్పినట్టే చేశాను. అడుగున గుర్తు ఉంది, 1ఏ1, పక్కన ఎక్స్.

తర్వాత బ్లేడు తీసుకుని నిలువు అతుకు పక్కన గీకాను. నీలం పొర కింద ఆకుపచ్చ రంగు ఉంది. ఇంకో జానెడు పక్కన గీకితే రంగు పొడిలా రాలకుండా తోలులా లేచింది, చూస్తే కాగితం. నీళ్లతో తడిపి గోటితో మెల్లగా లాగితే లేబుల్ మూల ఒకటి వచ్చింది. ఎర్ర డైమండు బొమ్మ, అందులో మంట గుర్తు, కింది కొసలో 3 అంకె. అక్షరాలు చిరిగిపోయాయి.

అది చూశాక చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాను. నిజంగా టెన్షన్ వచ్చింది. రేపు గ్రైండర్ పెట్టేవాడిని, పిల్లలు అరుగు మీదే ఆడుకుంటారు.

స్టోర్స్ బాబాయ్, నవంబరు 15

3 అంటే మండే ద్రవాలు. థిన్నర్ వాసన అన్నావు, సరిపోయింది. ఏదో సాల్వెంట్ వచ్చిన డ్రమ్ము. బిరడాలు గట్టిగా బిగించి నీడలో పెట్టు, కోయొద్దు, కాల్చొద్దు, అందులో నీళ్లు కూడా పట్టొద్దు. రసాయనాలు అంటిన ఖాళీ డ్రమ్ములు 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థాల కిందికే వస్తాయి, అనుమతి ఉన్నవాళ్లే వాటిని తీసుకుని శుభ్రం చేయాలి. ఇలా రంగేసి ఇంటి వాడకానికి అమ్మడం చాలా తప్పు.

పురుగుమందు డ్రమ్ములూ డబ్బాలూ అయితే ఇంకో గుర్తు ఉంటుంది, డైమండులో కింది సగానికి రంగు ఉంటుంది. ఎరుపు అతి విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ ఉంది కదా మంచిదే అనుకుని తెచ్చుకున్నవాళ్లని చూశాను. ఆ నాలుగింటిలో ఏ రంగున్నా తిండి పనికి రాదు.

షెడ్డు మాస్టారు, నవంబరు 15

నీ 1,100 పోయినా పరవాలేదు తమ్ముడూ. రోడ్డు పనుల దగ్గర చౌకగా దొరికే తారు డ్రమ్ములు కూడా తేవొద్దు. ఆ రేకు పల్చన, తారు అతుకుల్లో పట్టేసి ఎంత కాల్చినా వదలదు, ఆ పొగ ఒంటికి మంచిది కాదు.

పలాస జీడితోట, నవంబరు 16

తమ్ముడూ, మామిడి గుజ్జు వచ్చే డ్రమ్ము కోసం చూడు. మా చుట్టాలు జ్యూస్ తయారు చేస్తారు, చిత్తూరు వైపు నుంచి వాళ్లకి తోతాపురి గుజ్జు స్టీలు డ్రమ్ముల్లో వస్తుంది, ఒక్కో డ్రమ్ములో 215 కిలోల దాకా. గుజ్జు నేరుగా డ్రమ్ములో పోయరు, లోపల ఒక పెద్ద సంచిలో ఉంటుంది, రేకుకి తగలదు. సంచి తీసేస్తే డ్రమ్ము పొడిగా ఉంటుంది. మూత మొత్తం ఊడుతుంది, చుట్టూ ఇనప రింగు, దానికో పిడి. కోసే పనే లేదు. నేను రెండు తెచ్చుకున్నాను, ఒకటి ధాన్యానికి, ఒకటి పొగ పెట్టడానికి. తేనె వచ్చే డ్రమ్ములు, వంటనూనె డ్రమ్ములు కూడా మంచివే. కానీ పాత ఇనుము కొట్టు నుంచి కాకుండా, సరుకు వాడిన చోటి నుంచే నేరుగా తెచ్చుకో. మధ్యలో ఒక చెయ్యి మారినా డ్రమ్ము చరిత్ర తెలియదు.

వేగావతి ఒడ్డు, నవంబరు 27

ఆలస్యంగా రాస్తున్నాను, మధ్యలో వానలు. పాత డ్రమ్ము వెనక్కి ఇచ్చేశాను, కొట్టతను పాత ఇనుము ధర కట్టి 400 ఇచ్చాడు. ఆ లేబుల్ ముక్క అతనికి చూపించి, ఇంకెవరికీ వంటకి, నీళ్లకి అమ్మొద్దని గట్టిగా చెప్పి వచ్చాను.

పలాస అక్క చెప్పినట్టు విశాఖలో ఒక ఐస్‌క్రీమ్ తయారీ చోట మామిడి గుజ్జు డ్రమ్ము దొరికింది. సంచి నా కళ్ల ముందే తీశారు. లోపల పల్చగా బంగారు రంగు వార్నిష్ లాంటి పూత, వాసన లేదు, మూల కొంచెం తియ్యటి జిగురు అంటుకుని ఉంది, చీమలు కూడా పట్టాయి. చీమలు పట్టాయంటే నాకు ధైర్యం వచ్చింది.

ఇప్పుడు ఈ పూత సంగతి చెప్పండి. రంగు తీసే జెల్ పూస్తే ఊడి వస్తుందని మా ఊరి పెయింటర్ అంటున్నాడు.

స్టోర్స్ బాబాయ్, నవంబరు 27

జెల్ వద్దు. మంచి డ్రమ్ము తెచ్చి మళ్లీ దాంట్లో సాల్వెంట్ పోస్తున్నట్టే అవుతుంది, అతుకుల్లోకి పోతే కడిగినా రాదు. తిండి తగిలే పూతే కదా ఉంచేద్దాం అని కూడా అనుకోవద్దు. ఆ పూత మామూలు వేడికి మంచిదే, నిప్పుల పక్కన మాడి పొరలుగా రాలి మాంసం మీద పడుతుంది. కాల్చడమే దారి.

షెడ్డు మాస్టారు, నవంబరు 28

కాల్చడం గురించి వివరంగా రాస్తున్నాను, ఇది సరిగా చేస్తే మిగతా పనంతా సులువు.

ముందు మూత లోపలి రబ్బరు పట్టీ పీకేయ్. బిరడా ఉంటే దాని వాషరు కూడా తీసేయ్. రబ్బరు కాలితే అంచు అంతా జిగురు పట్టి వారం రోజులు గీకినా పోదు.

గాలి రంధ్రాలు కాల్చక ముందే పెట్టాలి. చాలామంది వట్టి డ్రమ్ములో కట్టెలేసి కాలుస్తారు, కింద గాలి లేక మంట పైనే ఆడుతుంది, అడుగు నల్లబడుతుంది గానీ పూత కాలదు. అడుగు నుంచి రెండు అంగుళాల ఎత్తులో చుట్టూ నాలుగు, ఒక్కోటి 25 మిల్లీమీటర్లది. మూత మీద పొగ పోయే రంధ్రం ఒకటే 50 మిల్లీమీటర్లది. 25ని 25తో గుణించి నాలుగింటికి కలిపితే 2,500, 50ని 50తో గుణించినా 2,500, అంటే లోపలికి వచ్చే గాలికీ బయటికి పోయే పొగకీ ఒకే దారి. పైన ఇంకొంచెం ఎక్కువున్నా మంచిదే, తక్కువుంటే పొగ లోపలే నిలిచి మాంసం చేదెక్కుతుంది. హోల్ సా (రేకుని గుండ్రంగా కోసే డ్రిల్లు బిట్) లేకపోతే స్టెప్ బిట్ (మెట్లు మెట్లుగా ఉండే బిట్) వాడు, రేకు మిల్లీమీటరు అటూ ఇటూ మందమే, చిరిగిపోకుండా నిదానంగా తిప్పు.

ఇళ్లకి దూరంగా, గాలి ఊరి వైపు వీచని రోజు చూసుకో. మూడు ఇటుకల మీద డ్రమ్ము నిలబెట్టి ఎండు సరుగుడు కట్టెలు, తాటిమట్టలు, కొబ్బరి డొక్కలు వేసి పెద్ద మంట చెయ్. ఈ మంట వంటకి కాదు, భోగిమంటలా ఉండాలి. పూత 350, 400 డిగ్రీలు దాటితే గానీ బూడిద కాదు. మొదటి అరగంట నల్లటి పొగ ఘాటుగా వస్తుంది, దగ్గర నిలబడొద్దు, పిల్లల్ని రానీయొద్దు. రెండు మూడు గంటలు కట్టెలు వేస్తూనే ఉండు. బయటి రంగు బుడగలు వచ్చి, బూడిద రంగుకి తిరిగి, కర్రతో తాకితే పొడిలా రాలితే అక్కడ లోపల కూడా అయినట్టే. మూత ఆ మంట మీదే బోర్లా పెట్టి వేరుగా కాల్చు.

చివరిది, ఎర్రగా ఉన్న డ్రమ్ము మీద నీళ్లు పోయొద్దు. పల్చటి రేకు, వంకర తిరిగిపోతుంది, తర్వాత మూత కూర్చోదు. రాత్రంతా వదిలెయ్.

తీరం వైపు (కళింగపట్నం), నవంబరు 29

నాకూ పనికొచ్చే చర్చ. మా దగ్గర కవ్వళ్లు, కానగంతలు ఇసకలో, వలల మీద ఎండబెడతాం, వాన పట్టిందంటే సరుకంతా పోతుంది. ఇలాంటి డ్రమ్ము ఒకటుంటే మేలు. ఒక ప్రశ్న, లోపల మాంసం పెట్టే జాలీకి మా ఇంట్లో పాత ఫ్రిజ్ జాలీలు రెండున్నాయి, సైజు సరిగ్గా సరిపోతుంది. నిప్పుల బుట్టకి కోళ్ల గూడు జీఐ మెష్ ఉంది. వాడొచ్చా?

షెడ్డు మాస్టారు, నవంబరు 29

రెండూ వద్దు. పాత ఫ్రిజ్ జాలీల్లో కొన్నిటికి కాడ్మియం పూత ఉంటుంది, వేడికి అది చాలా విషం. ఏ జాలీకి ఉందో చూసి చెప్పలేం కాబట్టి ఏదీ వాడొద్దు.

జీఐ అంటే జింకు పూత. జింకు 420 డిగ్రీల దగ్గర కరుగుతుంది, నిప్పుల బుట్టలో ఆ వేడి ఇట్టే వస్తుంది, ఇంకా ఎక్కితే తెల్లటి పొగ లేస్తుంది. ఆ పొగ సంగతి నా ఒంటికి తెలుసు. పని నేర్చుకునే రోజుల్లో ఒక గోడౌన్‌లో తలుపులు మూసి జీఐ పైపులకి రోజంతా వెల్డింగ్ చేశాను. సాయంత్రం బాగానే ఉన్నాను, రాత్రి పదికి నోట్లో ఇనుము నాకినట్టు రుచి, తర్వాత దుప్పట్లు ఎన్ని కప్పినా ఆగని చలి, జ్వరం. మర్నాడు సాయంత్రానికి తగ్గింది. పాలు తాగితే ఏం కాదని మా పనివాళ్లంతా అంటారు, నేను ఆ రోజు లీటరు తాగాను, ఏమీ ఆపలేదు.

బుట్టకి మామూలు ఎంఎస్ (పూత లేని ఇనుము) జాలీ, మాంసానికి స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీలు. బోల్టులు కూడా జింకు మెరుపున్నవి వద్దు, స్టెయిన్‌లెస్ స్టీలువి తీసుకోండి. నాలుగు గాలి రంధ్రాలకి చిన్న రేకు ముక్కలు బోల్టుతో తలుపుల్లా పెడితే సరిపోతుంది, పైపులు, వాల్వులు అక్కర్లేదు.

గరివిడి కుర్రాడు, నవంబరు 30

నేను నా డ్రమ్ములో జీఐ మెష్ వాడుతున్నాను మాస్టారు. ఈరోజే తీసేస్తాను. చెప్పినందుకు థ్యాంక్స్.

వేగావతి ఒడ్డు, డిసెంబరు 7

కాల్చాను. ఊరి బయట మా కళ్లంలో, మా బావమరిదీ నేనూ. మాస్టారు చెప్పినట్టే మొదట నల్లటి పొగ, అరగంటకి పల్చబడింది. బయటి రంగు ముందు మెరిసింది, తర్వాత అప్పడం పొంగినట్టు బుడగలు లేచాయి, తర్వాత బూడిద. చీకటి పడ్డాక చూస్తే అడుగు నుంచి మూరెడు ఎత్తు దాకా రేకు చామన ఎరుపులో కనిపించింది.

పొద్దున్న వెళ్లి లోపల చెయ్యి పెట్టి రుద్దాను, కింది మూడు వంతులు చక్కగా ఉంది, బూడిద రంగు పొడి వేలికి అంటుకుని వచ్చేస్తోంది, కింద వట్టి ఇనుము. పైన అంచు కింద మాత్రం జానెడు మేర బంగారు పూత గోధుమ రంగుకి తిరిగి గట్టిగా ఉండిపోయింది, గోటితో గీరినా రాలేదు. అక్కడే మాంసం జాలీ వస్తుంది. ఇప్పుడేం చేయాలి?

షెడ్డు మాస్టారు, డిసెంబరు 7

అందరికీ అదే చోట మిగులుతుంది. మంట కింద ఉంటుంది, పైన చల్లగాలి తగులుతుంది. ఇంకో పూట డ్రమ్ము బోర్లించి కాల్చాలి. నేల మీద మంట బాగా రాజుకున్నాక ఇటుకల మీద డ్రమ్మును తలకిందులుగా పెట్టు, ఇటుకల సందుల్లోంచి కట్టెలు తొయ్యి. మంట అంచుకి తగులుతూ ఉండాలి. గంట చాలు. వేడి డ్రమ్మును ఎత్తొద్దు, చల్లగా ఉన్నప్పుడే ఇద్దరు పట్టి బోర్లించండి.

తర్వాత గ్రైండర్‌కి వైర్ కప్ బ్రష్ (ఇనప తీగల బ్రష్) బిగించి రుద్దు. కళ్లద్దాలు తప్పనిసరి, ఆ బ్రష్ తీగలు సూదుల్లా ఎగురుతాయి, నా ముంజేతి నుంచి ఎన్నిసార్లు తీశానో. మాస్కు కూడా పెట్టుకో, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. మడతల్లో చేతి బ్రష్‌తో రుద్దు. పొడి అంతా గుడ్డతో ఎత్తి పారెయ్, చెరువు గట్టునో, కూరగాయల పాదుల్లోనో వెయ్యొద్దు.

వేగావతి ఒడ్డు, డిసెంబరు 14

బోర్లించి కాల్చాక మొత్తం పోయింది. బ్రష్ పని ఒక రోజు పట్టింది. తెల్ల పంచె ముక్క తడిపి లోపల తుడుస్తూ పోయాను, మొదట్లో నల్లగా, తర్వాత బూడిదగా, చివరికి కొంచెం తుప్పు రంగు తప్ప ఏమీ అంటలేదు. వేడి నీళ్లూ గిన్నెల సబ్బుతో కడిగాను. మధ్యాహ్నం కడిగితే సాయంత్రానికి లోపలంతా నారింజ రంగు తుప్పు పొడి! మళ్లీ రుద్దాలా?

పలాస జీడితోట, డిసెంబరు 14

వట్టి ఇనుము కదా తమ్ముడూ, తడి తగిలితే గంటల్లో పడుతుంది, మా ఉద్దానంలో అయితే ఉప్పుగాలికి ఇంకా తొందర. ఎమరీ పేపర్‌తో పైపైన రుద్ది, ఈసారి కడగ్గానే లోపల నాలుగు నిప్పులు వేసి అప్పటికప్పుడు ఆరబెట్టు. గోరువెచ్చగా ఉన్నప్పుడే నూనె రాయి. కొత్త ఇనప పెనానికి నూనె రాసి కాల్చి అలవాటు చేస్తాం చూడు, ఇదీ అంతే. నేను వేరుశనగ నూనె రాశాను. గుడ్డకి నూనె అద్ది రాసి, ఇంకో పొడి గుడ్డతో తుడిచెయ్యి, తుడిచాక మిగిలిందే కావాలి. ఎక్కువైతే జిగురు కట్టి కారుతుంది. మూత పెట్టి 150 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు ఉంచు. లోపల గోధుమ రంగు వస్తుంది, ఇంకోసారి చేస్తే నల్లబడుతుంది. బయట వేడికి తట్టుకునే అల్యూమినియం పెయింట్ వేసుకో, లోపల మాత్రం ఏ రంగూ వద్దు.

కట్టెల గురించి కూడా చెప్తాను, ఎలాగూ అడుగుతావు. వంటకి అడుగున బొగ్గులు, పొగకి వాటి మీద రెండు మూడు చెక్క ముక్కలు చాలు. జామ, మామిడి, పనస బాగుంటాయి. మా పనస చెట్లు 2018లో తిత్లీ తుపానుకి పడిపోయాయి, ఆరిన కొమ్మలు ఇంకా షెడ్డులో ఉన్నాయి, ఆ పొగ తియ్యగా ఉంటుంది. వేప చేదు, నీలగిరి నూనె వాసన, ప్లైవుడ్డూ రంగు చెక్కా అసలు వద్దు. మా వైపు జీడి గింజల తొక్క బస్తాలకొద్దీ దొరుకుతుంది, బాగా మండుతుంది కూడా. పొరపాటున కూడా వాడొద్దు. ఆ తొక్కలో నూనె చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది, జీడి కొట్టే ఆడవాళ్ల వేళ్లు చూస్తే తెలుస్తుంది. ఆ పొగ కంటికీ గొంతుకీ పట్టేస్తుంది.

వేగావతి ఒడ్డు, డిసెంబరు 29

నూనె రెండుసార్లు పట్టించాను, లోపల ఇప్పుడు పాత దోసెల పెనం రంగులో ఉంది. బుట్టకి కింద మూడు అంగుళాల కాళ్లు పెట్టాను, బూడిద రాలడానికి. బుట్టకీ జాలీకీ మధ్య రెండు అడుగులు. మూతకి థర్మామీటర్ బిగించాను. మాంసం లేకుండా నాలుగు గంటలు నడిపి చూశాను, రెండు రంధ్రాలు మూసి, ఒకటి సగం తెరిస్తే 120 డిగ్రీల దగ్గర నిలబడింది. వాసన అచ్చంగా కట్టెల పొగ.

స్టోర్స్ బాబాయ్, డిసెంబరు 30

వాసన మంచిదైతే అంతా మంచిదని కాదు, చాలా విషాలకి వాసనే ఉండదు. నీ డ్రమ్ము చరిత్ర నీకు తెలుసు కాబట్టి ఇప్పుడు నేను కూడా ధైర్యంగా తింటాను.

వేగావతి ఒడ్డు, జనవరి 18

ముక్కనుమ అయింది. నాటుకోడి పెడదామనుకున్నాను, నిదానపు వేడికి ఇంకా గట్టిపడుతుందని మా బావమరిది అంటే బ్రాయిలర్ కాళ్లు పదిహేను కిలోలు తెచ్చాం. ముందురోజు రాత్రి ఉప్పు, పసుపు, అల్లం వెల్లుల్లి, కారం పట్టించి ఉంచి, రెండు విడతలుగా పెట్టాం. పొగకి జామ చెక్క. 120, 130 మధ్య రెండున్నర గంటలు. ఎముక దగ్గర థర్మామీటర్ గుచ్చితే 80 వచ్చింది, 74 దాటితే చాలు అంటారు గానీ కాలు ముక్క ఇంకొంచెం ఉడికితేనే ఎముక నుంచి విడుతుంది. తోలు ఇటుక రంగులోకి వచ్చింది, కొరికితే లోపల తోలు కింద గులాబీ గీత. మా అమ్మ ఒక ముక్క తీసుకుని ముందు వాసన చూసింది, తర్వాత ఎవరితోనూ మాట్లాడకుండా తినేసి, మేకమాంసం ఎప్పుడు పెడతావు అని అడిగింది.

తీరం వైపు, జనవరి 18

చాలా సంతోషం అన్నా. నా డ్రమ్ము కూడా కాల్చడం అయింది. కానగంతలకి ఎంత వేడి పెట్టాలి?

పలాస జీడితోట, జనవరి 19

చేపకి అంత వేడి వద్దు తమ్ముడూ. పొట్ట శుభ్రం చేసి ఉప్పునీళ్లలో అరగంట ఉంచు, తర్వాత గాలికి ఆరనివ్వు, చేత్తో ముడితే పైన కొంచెం అంటుకునేలా పొర కడుతుంది, తడి మీద పొగ పట్టదు. 80 డిగ్రీల దగ్గర మూడు గంటలు చాలు. ఇది ఎండుచేప లాగా నిలవ ఉండదు, ఆ రోజు కాకపోతే మర్నాటికి తినెయ్యాలి, మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టు. అయ్యాక బూడిద అదే రోజు తీసెయ్, బూడిద తేమ పీల్చుకుంటుంది, మీ ఉప్పుగాలికి నెలలో అడుగు తినేస్తుంది. డ్రమ్ము మీద రేకు ఒకటి కప్పి ఉంచు.